విజయనగరంలో కాన్వాస్ ప్రింట్, ఫ్రేమింగ్ షాపు రివ్యూ: హార్నెట్ పాత వయొలిన్ వేయించాను

ముందు రేటింగ్ చెప్పేస్తాను, కింద దాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. ఫ్రేమ్ పనికి ఐదుకి ఐదు. ప్రింటింగ్‌కి నాలుగు. డిజైనింగ్ కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడి చేతి దురదకి మాత్రం రెండే, అది కూడా చివరికి మాట విన్నాడు కాబట్టి. షాపు పేరు రాయను, ఎందుకంటే ఈ గొడవ ఆ ఒక్క షాపుది కాదు, గంటస్తంభం నుంచి రింగు రోడ్డు దాకా ఎవరికి పాత పెయింటింగ్ ఫైల్ ఇచ్చినా ఇంచుమించు ఇదే జరుగుద్ది, శ్రీకాకుళంలో ఉన్న మా తోడల్లుడు కూడా సేమ్ కథ చెప్పాడు.

నేను వేయించింది విలియం హార్నెట్ అనే అమెరికా పెయింటర్ 1886లో వేసిన 'ది ఓల్డ్ వయొలిన్'. ఆయిల్ పెయింటింగ్. ఒరిజినల్ వాషింగ్టన్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, గ్యాలరీ వాళ్ళే సైట్‌లో ఫైల్ ఫ్రీగా పెట్టారు, ఎవరైనా దించుకుని ప్రింట్ వేయించుకోవచ్చు. ఎవరికోసం అంటే మా పెదమావయ్య కోసం. ఆయన మన మ్యూజిక్ కాలేజీలో వయొలిన్ నేర్చుకున్న మనిషి. 1919లో పెట్టిన కాలేజీ, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కూర్చుని వయొలిన్ చెప్పిన చోటు, అలాంటి చోట నేర్చుకున్నాయనకి గిఫ్ట్ అని చెప్పి గోడ గడియారం ఇస్తే ఏం బాగుంటుంది చెప్పండి. హాల్లో ద్వారం వారి ఫొటో పక్కన గోడ ఖాళీగా ఉంది, అక్కడికి ఇదైతే సరిపోద్ది అనుకున్నా.

బొమ్మలో ఏముంది అంటే పెద్దగా ఏం లేదు. ముదురు ఆకుపచ్చ రంగేసిన పాత చెక్క తలుపు, తుప్పు పట్టిన ఇనప బందులు, ఆ తలుపు మీద వేలాడుతూ ఒక వయొలిన్, పక్కన దాన్ని వాయించే కమాను, వెనకాల అంచులు నలిగిపోయిన మ్యూజిక్ కాగితాలు (బెల్లినీ ఒపెరా 'లా సొన్నాంబుల'లో పాట ఒకటి ఉంది అందులో), ఒక పేపర్ కటింగు, కింద ఒక నీలం కవరు. అంతే, మనిషి లేడు, చెట్టు లేదు, ఆకాశం లేదు. కానీ చూస్తుంటే చెయ్యి పెట్టి ఆ కాగితం మడత సరిచెయ్యాలనిపిస్తుంది. ఊరికే అనట్లేదు, అదే ఏడాది సిన్సినాటి ఎగ్జిబిషన్‌లో పెడితే జనం అది నిజం వయొలినా బొమ్మా అని తడిమి చూడ్డానికి ఎగబడితే పక్కన పోలీసుని కాపలా పెట్టాల్సొచ్చింది. ఈ తరహాని ట్రాంప్ లొయ్ అంటారు, కంటికి కనికట్టు చెయ్యడమే దాని పని.

ఈ హార్నెట్ 1848లో ఐర్లండ్‌లో పుట్టాడు, చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళు అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డారు. మొదట్లో వెండి సామాన్ల మీద నగిషీ చెక్కే పని చేశాడు, పగలు ఆ పని, రాత్రి డ్రాయింగ్ క్లాసులు. మేకు తల మీద మెరుపు, చెక్కలో పగులు అంత పట్టుగా ఎలా వేశాడా అనుకుంటే ఆ నగిషీ చెయ్యే గుర్తొస్తుంది నాకు. కొత్త వస్తువులు బొమ్మకి పనికిరావు, వాడి వాడి అరిగిపోయిన వాటికే ఆ నునుపు ఉంటుందని ఆయన అభిప్రాయం, అందుకే స్టూడియో నిండా పాత సామాను పోగేసుకునేవాడు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, షాపులో గొడవంతా దీని గురించే.

సరే షాపులోకొద్దాం. మొదటి పేచీ సైజు దగ్గర. ఒరిజినల్ 96.5 సెంటీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు, అంటే 38 అంగుళాలు బై దగ్గరదగ్గర 24. ఓనర్ గారు పెద్దాయన, మంచి మనిషి, కానీ ఆయన లెక్కలో కాన్వాస్ అంటే రెండడుగులు బై మూడడుగులే, రెడీగా చట్రాలు ఉంటాయి కదా. "రెండంగులాలే కదేటి బాబూ, ఎవులు చూస్తారు, అలగ ఫిట్ చేసీమంటాను" అన్నారు. ఫిట్ చెయ్యడం అంటే పైనుంచి కిందికి నొక్కేస్తారన్నమాట, స్క్రీన్ మీద చూపించాడు కుర్రాడు, వయొలిన్ నడుం కాస్త లావెక్కి పొట్టిగా తయారైంది. ఏదో సీనరీ అయితే నడిచిపోద్ది, ఎవడికీ తెలీదు. ఇక్కడ వయొలిన్ ఇంచుమించు అసలు వయొలిన్ సైజులోనే ఉంటుంది, ఆ సైజు ఉంటేనే కన్ను మోసపోతుంది. ఇంకో సంగతి, ఇలాంటి బొమ్మల్లో లోతు చాలా తక్కువ పెడతారు, వెనకాల తలుపు అడ్డంగా ఉంటుంది, దానిమీద వేలాడే వస్తువులు రెండు మూడు అంగుళాలు మాత్రమే ముందుకొచ్చినట్టు ఉంటాయి, దూరంగా కొండలూ నదులూ అయితే మన రెండు కళ్ళూ ఇది బల్లపరుపు గుడ్డ అని ఇట్టే కనిపెట్టేస్తాయి, ఇంత తక్కువ లోతులో కనిపెట్టలేవు. అందుకని సైజు తగ్గించినా సాగదీసినా మొత్తం పోతుంది. ఇదంతా ఆయనకి చెప్పలేదులెండి, 38 బై 24 కొలతకి కొత్త చట్రం కొట్టించండి ఎక్స్‌ట్రా ఇస్తాను అన్నా, ఒప్పుకున్నారు. ఫైల్ అయితే నిడివి వైపు 5,700 పిక్సెల్స్ ఉంటే అంగుళానికి 150 చుక్కలు వస్తాయి, కాన్వాస్‌కి అది చాలు, అంతకంటే తక్కువ ఫైల్ తీసుకెళ్తే మ్యూజిక్ కాగితం మీద గీతలు అలికేసినట్టు వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. పెద్ద కాన్వాస్ వేసే ముందు ఫొటో పేపర్ మీద చిన్న శాంపిల్ అడిగాను, ఇది మీరూ అడగండి, వంద రూపాయలు పోతే పోయాయి. శాంపిల్ వచ్చింది. తలుపు రంగు చూసి నాకు నోట మాట రాలేదు, కొత్తగా రంగులేసిన పంచాయతీ ఆఫీసు తలుపులాగా చిలకపచ్చగా మెరిసిపోతుంది. "సీకటిగా ఉన్నాది కదండీ, బ్రైట్‌నెస్ పెంచీసాను" అన్నాడు కుర్రాడు, చాలా సంతోషంగా. వాడి తప్పు లేదు, పెళ్ళి ఫొటోలు, వర్ధంతి ఫ్లెక్సీలు, షాప్ ఓపెనింగులు చేసే చెయ్యి అది, మొహం నల్లగా పడితే కస్టమర్ తిడతాడు, కాబట్టి ఫైల్ తెరవగానే వెలుతురు పెంచడం, మచ్చలు తుడవడం చేతికి అలవాటైపోయింది. రంగు సంగతి అక్కడే కనిపెట్టాను కాబట్టి తగ్గించమన్నా. మిగతాది నా కంటికి ఆనలేదు, మావయ్యకి ఆనింది.

ఆ శాంపిల్ తీసుకెళ్ళి, ఇది వేయిద్దామనుకుంటున్నాం ఎలా ఉంది మావయ్యా అని చూపించా. కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరకెళ్ళి చూసి, "బాగుంది రా, కానీ వీడు వాయించడు" అన్నాడు. అదేంటి అన్నా. "తీగల కింద చూడు, రోజిన్ పొడి ఏది? కమానుకి రోజిన్ బంక రాసి రోజూ వాయిస్తే, తీగల్ని ఎత్తిపట్టే చెక్క ఉంది చూడు, ఆ గుర్రం దగ్గర తెల్లగా పొడి రాలి పేరుకుంటుంది, ఎంత తుడిచినా పోదు. ఇంత అరిగిన వయొలిన్ మీద పొడి లేకపోవడం ఏంటి?" నేను అప్పటికప్పుడు ఫోన్‌లో ఒరిజినల్ ఫైల్ తీసి జూమ్ చేశా. ఉంది! తీగల కింద చెక్క మీద పొడి పడి తెల్లగా పాలిపోయి ఉంది, హార్నెట్ అది వదల్లేదు. మా కుర్రాడు ధూళి మచ్చ అనుకుని శుభ్రంగా తుడిచేశాడు. అమెరికాలో నూట నలభై ఏళ్ళ కింద వేసిన పొడి లేదని విజయనగరంలో ఒక వయొలిన్ మనిషి పేపర్ ముక్క చూసి పట్టేశాడంటే, పెయింటర్ ఎంత నిజం చూసి వేశాడో అక్కడే తెలిసిపోతుంది, నాకైతే ఆ బొమ్మ గురించి ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఇక అప్పుడు ఫైలూ శాంపిలూ పక్కపక్కన పెట్టి మొత్తం చూస్తే ఒకటి కాదు. బందు మీద తుప్పు ఎరుపు సగం తగ్గించాడు. తలుపు మీద పగుళ్ళు కొన్ని కలిపేశాడు. పేపర్ కటింగు అంచు చిరిగినట్టుంటే నీట్‌గా సరిచేశాడు. నీలం కవరు మీద మాత్రం చెయ్యి వెయ్యకుండా ఆగి, "దీనిమీద ఎవులిదో అడ్రస్ ఉన్నాది, తీసీమంటారా?" అని అడిగాడు, అడిగినందుకు దండం పెట్టొచ్చు, ఆ అడ్రస్ హార్నెట్‌దే, పారిస్ పోస్టు ముద్ర వేసి న్యూయార్క్‌లో ఆయన పేరుకి వచ్చిన కవరు, ఆయన ఈ బొమ్మ మీద వేసుకున్న సంతకం అదే అనుకోవచ్చు. ఆరేళ్ళు యూరప్‌లో, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, పారిస్ తిరిగి 1886లోనే అమెరికా తిరిగొచ్చాడు, ఆ ప్రయాణం మొత్తం ఆ కవరులో ఉంది.

కాబట్టి ఇలాంటి ప్రింట్లకి షాపులో చెప్పాల్సిన మాట ఒక్కటే, "ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెయ్యండి, ఏం ముట్టుకోవద్దు". ఆ కాలం అమెరికా స్టిల్ లైఫ్‌లో, అంటే వస్తువులు మాత్రమే ఉండే బొమ్మల్లో, మకిలి, తుప్పు, చిరుగు, దుమ్ము ఇవే బొమ్మ. అవి తీసేస్తే మిగిలేది కేటలాగ్‌లో వయొలిన్ ఫొటో. నేను ఈ మాట కాగితం మీద రాసి బిల్లుకి పిన్ను కొట్టించా, నవ్వుకున్నారు గానీ పని చేసింది.

రెండో శాంపిల్‌లో పొడి వచ్చింది, తుప్పు వచ్చింది. ఆకుపచ్చ కూడా దాదాపు దారిలోకొచ్చింది, స్క్రీన్ మీద ఉన్నంత లోతు రాలేదు, నీడల్లో వివరం కొంచెం ముద్దయిపోయింది, అందుకే ప్రింటింగ్‌కి ఒక మార్కు కోశాను. ఇది బ్యానర్లు వేసే ఎకో సాల్వెంట్ మిషనే, ఫైన్ ఆర్ట్ మిషన్ కాదు, ఆ రేటుకి అంతకంటే ఆశించకూడదు. ఆన్‌లైన్లో తెప్పించుకుందామా అనుకున్నా గానీ అక్కడ ఇలా ఎదురుగా కూర్చుని పొడి ఏది బాబూ అని అడగలేం కదా.

లామినేషన్ దగ్గర గట్టిగా నిలబడండి. గ్లాసీ వెయ్యడానికే చూస్తారు, తుడుచుకోడానికి బాగుంటుందని, నీళ్ళు పడినా ఏం కాదని. గ్లాసీ వేస్తే ట్యూబ్‌లైటు వచ్చి వయొలిన్ పొట్ట మీద కూర్చుంటుంది, ఇక కనికట్టు ఎక్కడిది. మ్యాట్ అడగండి. అద్దం కూడా వద్దు, కాన్వాస్‌కి అద్దం బిగించడం అసలు అవసరమే లేదు.

ఇప్పుడు ఫ్రేమ్. ఇది రాయడానికే చేతులు సరదా పడుతున్నాయి. ముందు అందరికీ చూపించే బంగారు రంగు ఫైబర్ బీడింగే చూపించారు, ద్రాక్షగుత్తులూ అవీ ఉంటాయి కదా అది. వద్దన్నా. వెనక షెడ్డులో పటాలు కట్టే తాత ఉన్నాడు, ఆయన ప్రింట్ చూసి ఏం మాట్లాడకుండా లోపలికెళ్ళి పాత టేకు ముక్క ఒకటి తెచ్చి ప్రింట్ పక్కన పెట్టాడు. అంగుళం వెడల్పు, నగిషీ ఏం లేదు, ముదురు రంగు. కరెక్ట్‌గా అదే. మూలలు 45 డిగ్రీల కోతలో వెంట్రుక దూరనంత దగ్గరగా కలిశాయి, మేకు తల ఎక్కడా బయటికి కనపడదు. వెనకాల చట్రానికి మూలల్లో చిన్న చెక్క చీలికలు పెట్టాడు, మన వైపు వానాకాలం చెమ్మకి కాన్వాస్ జారి వదులైతే వాటిని కొంచెం కొడితే మళ్ళీ బిగుస్తుందట. అడక్కుండానే చేశాడు ఈ పని. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేసేవాళ్ళ పని చూశారు కదా, ఆ చెయ్యి ఓపిక ఈయనలోనూ ఉంది. ఇంతకీ మన వీణని గోడకి తగిలించి తీగలు, మైనం, మెట్లు, గీతలతో సహా ఇలా ఆయిల్‌లో వెయ్యాలని ఇప్పటి పెయింటర్లలో ఎవరికైనా అనిపిస్తే బాగుండు, నేను మొదటి కస్టమర్ని.

డబ్బుల సంగతి. కాన్వాస్ చదరపు అడుగు 180, మనది ఆరున్నర లోపే వస్తుంది గానీ ఏడుకి బిల్లు వేశారు, 1,260. టేకు బీడింగ్ అడుగు 110 చొప్పున 11 అడుగులు, 1,210. చట్రం, బిగింపు, వెనక ప్లై కలిపి 600. మొత్తం 3,070. ఏడుకి వెయ్యడం నాకు నచ్చలేదు, చెప్పాను కూడా, "రోల్‌లో కటింగ్ వేస్ట్ ఉంటాది బాబూ" అన్నారు, సర్లే అని ఊరుకున్నా. టైముకి ఇవ్వలేదు, పైడితల్లమ్మ పండగ ముందు ఏ షాపూ ఇవ్వదు, అప్పుడు ఊరంతా ఫ్లెక్సీలే, కాబట్టి సిరిమాను హడావుడిలో ఆర్డర్ పెట్టకండి.

ప్రింట్ వేయిస్తే ఒరిజినల్‌ని అవమానించినట్టే అని ఒక ఫ్రెండ్ అన్నాడు. ఈ బొమ్మ విషయంలో ఆ మాట అస్సలు చెల్లదు. 1887లోనే సిన్సినాటిలో టుక్‌ఫార్బర్ అనే ఆయన ఒరిజినల్ కొనుక్కుని దీన్ని క్రోమోలితోగ్రాఫ్ కింద, అంటే రంగుల్లో రాతి అచ్చు వేయించి అమ్మాడు, జనం గోడల మీదకి ఇది ఎక్కింది ఆ అచ్చుల వల్లే, మన దగ్గర 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్ పెట్టి లక్ష్మీ సరస్వతీ పటాలు ఇంటింటికీ చేర్చడానికి ఏడేళ్ళ ముందు సంగతి ఇది. ఆ అచ్చు చూసి తర్వాత పెయింటర్లు చాలామంది వయొలిన్ పట్టుకున్నారు, పీటో ఒకటి వేశాడు, చాల్‌ఫంట్ 1889లో వేసిన 'వయొలిన్, కమాను' బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. పీటో పాపం, బతికుండగా పేరు రాలేదు, పైగా ఆయన బొమ్మల మీద ఎవరెవరో హార్నెట్ సంతకం పెట్టి అమ్ముకున్నారు, 1940ల చివర్లో ఆల్ఫ్రెడ్ ఫ్రాంకెన్‌స్టైన్ అనే విమర్శకుడు ఒక్కొక్కటే పరిశీలించి ఇది హార్నెట్ చెయ్యి కాదు అని తేల్చేదాకా ఆ లెక్క తేలలేదు. అప్పటి పెద్ద విమర్శకులకి ఈ తరహా మొత్తం గారడీ కిందే లెక్క, కొన్నది ఎక్కువ వ్యాపారస్తులూ బార్ల వాళ్ళూ. హార్నెట్ 'ఆఫ్టర్ ది హంట్' అనే పేరుతో వేసిన నాలుగో బొమ్మ పారిస్ సెలోన్ అనే పెద్ద ఎగ్జిబిషన్‌లో పెట్టి వచ్చాక న్యూయార్క్‌లో స్టూవర్ట్ అనే ఆయన బార్ గోడ ఎక్కింది, గ్లాసు పట్టుకుని చూసేవాళ్ళే దానికి అభిమానులు. నాకు ఇందులో తక్కువేం కనపడదు.

రెండో ఆర్డర్ కింద హేబర్లే అనే ఆయన బొమ్మ 'ఇమిటేషన్' తీసుకెళ్ళా, 1887ది, నోట్లు, చిల్లర, స్టాంపులు అంటించినట్టు ఉంటుంది. ఓనర్ గారు చూడగానే ఫైల్ మూసేయమన్నారు. "నోట్ల బొమ్మ మాత్రం వెయ్యనండి, ఏ దేశం నోటైనా సరే, నాకెందుకొచ్చిన గొడవ". అమెరికా పాత నోటు అన్నా వినలేదు. నవ్వొచ్చింది గానీ ఆయన భయం కొత్తదేం కాదు, హార్నెట్ ఐదు డాలర్ల నోటు బొమ్మ వేస్తే 1886లో ప్రభుత్వం వాళ్ళు దొంగనోట్ల కేసు కింద పట్టుకుని, మందలించి వదిలేశారు, ఆ తర్వాత ఆయన నోట్ల జోలికి పోలేదు. హేబర్లే మాత్రం ఎన్ని చెప్పినా వేస్తూనే పోయాడు. కాబట్టి ఈ షాపులో నోట్ల బొమ్మలు కుదరవు, తెలుసుకుని వెళ్ళండి. దాని బదులు చాల్‌ఫంట్ వయొలిన్ ఆర్డర్ పెట్టా, మెట్ మ్యూజియం సైట్‌లో ఆ ఫైల్ కూడా ఫ్రీ.

తగిలించేటప్పుడు ఒక్క జాగ్రత్త. బొమ్మలో నీడలు ఒక పక్కకే పడుతుంటాయి, హాల్లో వెలుతురు కూడా అటే పడేలా గోడ చూసుకోండి, లేకపోతే ఎక్కడో తేడా కొడుతుంది. ఎత్తు మరీ పైకి వద్దు, దేవుడి పటాల లెవెల్లో పెడితే పొడి ఎవరికీ కనపడదు, నిలబడితే వయొలిన్ ఛాతీకి ఎదురుగా రావాలి. షాపు వాళ్ళే వచ్చి బిగిస్తామంటారు, 200 అడుగుతారు, ఇవ్వండి, డ్రిల్లింగ్ శుభ్రంగా చేస్తారు, కింద దుమ్ము కూడా వాళ్ళే ఊడుస్తారు.